కుడిపక్కకు జారిన బాణం

ఆదోనిలో తన రేడియో రిపేరు షాపులోకి వచ్చిన రైతును చూడగానే హబీబుల్లాకు ఒళ్ళు మండింది. పంచె, తలపాగా, భుజాన కంబళి, అన్నీ బాగానే ఉన్నాయి. కాళ్ళకు మాత్రం పాలిష్ చేసిన నల్లబూట్లు.

"ఈ రేడియోలో సిలోన్ పలకడం లేదు" అన్నాడు రైతు.

"సిలోన్ అలిగింది. వివిధభారతి ఇనండి."

కోడ్ సరిపోయింది. ఢిల్లీ నుంచి వచ్చిన డిప్యూటీ డైరెక్టర్ శ్రీపాదరావు స్టూలు మీద కూర్చున్నాడు.

"సార్, ఈడ రైతులు ఇట్లాంటి బూట్లేసుకోరు."

శ్రీపాదరావు వినిపించుకోలేదు. పెద్ద ఆఫీసర్లకు చెవులుండేది మంత్రి పిలిస్తే వినడానికేనని హబీబుల్లా నమ్మకం. డిపార్ట్‌మెంట్ అతన్ని మెకానిక్ వేషంలో ఇక్కడ నాటి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో వేషం అన్నం పెట్టింది, డిపార్ట్‌మెంట్ మెమోలు పంపింది.

"ఎమ్మిగనూరు గెస్ట్‌హౌస్‌లో డెల్మార్ అని ఒక విదేశీ పత్తి వ్యాపారి ఉన్నాడు. పత్తి బూటకం. సరిహద్దు అవతల పనిచేస్తున్న మనవాళ్ళ లిస్టు దొంగిలించాడు. రెండు వందల నలభై పేర్లు, అడ్రసులతో సహా. ఒకే ఒక్క ఫ్లాపీలో ఉన్నాయి. నకలు తీయడం వాళ్ళ గూఢచారి ముఠాలో నిషేధం. ఇవాళ మూడింటికి బొంబాయికి ట్రంక్ కాల్ బుక్ చేశాడు. కంప్యూటర్‌ని ఫోనుకు తగిలించి లిస్టు పంపేస్తాడు."

"రెయిడ్ చేయండి."

"ఫైలు సంతకానికి వెళ్ళింది. నాలుగు రోజులు పడుతుంది."

"లైను కోయండి."

"ఇంకో ఊరికి పోయి పంపుతాడు. నువ్వు లోపలికి వెళ్ళాలి. వాడి యంత్రం మొరాయిస్తోంది, మెకానిక్ కావాలన్నాడు. సెక్రటరీ అంబాబాయి నీ పేరు చెప్పింది."

"ఆమె మన మనిషేనా?"

"రెండేళ్ళుగా మనకూ రిపోర్టులు రాస్తోంది, వాళ్ళకూ రాస్తోంది. ఎవరికి రాసేవి నిజమో ఇంకా తేలలేదు." శ్రీపాదరావు జేబులోంచి ఒక పెన్ను తీశాడు. "నొక్కితే ఫోటో తీస్తుంది."

"రాస్తాదా?"

"రాయదు."

హబీబుల్లా పెన్నును సొరుగులో పడేసి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

గెస్ట్‌హౌస్ చుట్టూ మగ్గాల చప్పుడు. లోపల డెల్మార్ బొరుగుల ఉగ్గాని తింటూ మిరపకాయ బజ్జీ కొరుకుతున్నాడు. వేళ్ళ నిండా నూనె. పక్కన షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, ఎర్రటి పెదవులతో అంబాబాయి. మంత్రాలయం పక్క సంస్కృతం పంతులుగారి కూతురంటే ఎవరూ నమ్మరు.

"నా యంత్రం ముట్టుకోవడానికి ఈ ఎడారిలో దొరికింది వీడా?" అన్నాడు డెల్మార్ ఇంగ్లీషులో. "వీడూ, నువ్వూ, మీ కరెంటూ, అన్నీ ఒకే సరుకు."

ఇంగ్లీషు రానట్టు హబీబుల్లా నోరు తెరుచుకుని చూశాడు. ఆ ముఖం పెట్టడం అతనికి బాగా అలవాటు.

బ్రీఫ్‌కేసంత కంప్యూటర్ అది. కీబోర్డు పక్కన నున్నటి పలక. దాని మీద వేలు జరిపితే తెర మీద బాణం జరగాలి, తడితే అది చూపించిన పని జరగాలి. డెల్మార్ వేలు పెడితే మాత్రం బాణం మిడతలా గెంతుతోంది.

హబీబుల్లా దూదిని స్పిరిట్లో ముంచి పలక తుడిచాడు. దూది పసుపుపచ్చగా మారింది. లక్షల యంత్రాన్ని బజ్జీల నూనెతో చంపుతున్నాడు వెధవ, అనుకున్నాడు. గెంతడం ఆగింది. కానీ బాణం ఇంకా కుడికి జారుతోంది. వేలు పొడిగా తుడుచుకుని చూశాడు, అదే వరస. గోడ ప్లగ్గు పీకాడు. బ్యాటరీ మీద బాణం చెప్పినట్టు నడిచింది. ప్లగ్గు పెట్టగానే మళ్ళీ రెండంగుళాలు కుడికి. సాకెట్ విప్పి చూస్తే విషయం తెలిసింది. ఎర్త్ రంధ్రం ఉంది, వెనక తీగ లేదు. భూమిలోకి పోవాల్సిన కరెంటు పలకలోకి వచ్చి బాణాన్ని తోస్తోంది.

తెర మీద రెండు గళ్ళున్నాయి. ఎడమవైపు 'సెండ్', కుడివైపు 'ఎరేజ్'. మధ్య దూరం సరిగ్గా రెండంగుళాలు.

ఫ్లాపీ డెల్మార్ చొక్కా జేబులో ఉంది. మూడింటిదాకా బయటికి తీయడు. దాన్ని చెరిపితే వాడి వేలే చెరపాలి. ఆరు నెలలుగా ఈ దేశంలో ఉన్నా, తెలుగు ముక్క నేర్చుకోవడం తన స్థాయికి తక్కువనుకున్నాడు డెల్మార్. హబీబుల్లా స్క్రూ బిగిస్తూ, తలెత్తకుండా అంబాబాయితో అన్నాడు.

"అమ్మా, ఆ స్విచ్చి ఆపితే బాణం సక్కగ పోతాది. ఏస్తే కుడిపక్కకు జారతాది. మీ ఇష్టం."

ఆమె శత్రువుల మనిషైతే అతని కథ అక్కడితో సరి.

"ఏమంటున్నాడు?" అన్నాడు డెల్మార్.

అంబాబాయి గోడ స్విచ్చి వైపు చూసింది. "బ్యాటరీ మీద నడపమంటున్నాడు" అంది. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఆమె స్విచ్చి ఆపేసింది. హబీబుల్లాకు ఏమీ తేలలేదు.

యంత్రం మళ్ళీ మొరాయిస్తే చూడమని డెల్మార్ హబీబుల్లాను అక్కడే నిలబెట్టాడు. సరిగ్గా మూడింటికి ఫోను మోగింది. అంబాబాయి ఎత్తి, అవతలి గొంతు విని, రిసీవర్ని కంప్యూటర్‌ని ఫోను లైనుకు కలిపే రబ్బరు గిన్నెల్లో బోర్లించింది. డెల్మార్ ఫ్లాపీ తోశాడు. బాణాన్ని 'సెండ్' మీదికి తెచ్చాడు. స్విచ్చి ఇంకా ఆపే ఉంది. డెల్మార్ తట్టడానికి వేలెత్తాడు.

అంబాబాయి చెప్పు మడమ గోడ కింది స్విచ్చిని నొక్కింది.

వేలు పడింది. బాణం కుడికి జారి 'ఎరేజ్' మీద వాలింది. యంత్రం కీచుమంది. 'అంతా చెరిపేయాలా?' అని తెర అడిగింది. ఎడమవైపు 'నో', కుడివైపు 'ఎస్'. డెల్మార్ అరుస్తూ 'నో' మీదికి వేలు జరిపి గట్టిగా తట్టాడు. బాణం మళ్ళీ జారింది.

రెండు వందల నలభై పేర్లు మాయమయ్యాయి.

డెల్మార్ పిస్తోలు తీసి హబీబుల్లాకు గురిపెట్టి నొక్కాడు. టక్. మళ్ళీ టక్. అంబాబాయి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఆరు తూటాలు బల్ల మీద పోసింది.

"పొద్దున్నే తీసినాను" అంది తెలుగులో. తర్వాత కిటికీలోంచి, ముందే బయట నిలబెట్టిన పోలీసులను పిలిచింది. లైసెన్సు లేని పిస్తోలుకు ఢిల్లీ సంతకం అక్కర్లేదు.

"అంతసేపు ఎందుకాగినావమ్మా? నా పానం పోయినంత పనాయె" అన్నాడు హబీబుల్లా.

"బొంబాయిలో ఫోనెత్తేవాని గొంతు వినాల కదప్పా. ఇన్నాను. గుర్తుపట్టినాను. ముందే స్విచ్చేసింటే బాణం జారేది సూసి ఈడు కాలే రద్దు చేసుకుంటుండె." ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. "నన్ను కలవనీకీ బూట్లేసుకునే వచ్చిన మీ రైతుకు ఈ సంగతులు అర్థం కావులే."

మూడు నెలల తర్వాత హబీబుల్లాకు మెమో వచ్చింది. కంప్యూటర్‌ని ఎర్త్ తీగ సరిగ్గా ఉన్న ఢిల్లీ ల్యాబులో ఆరుగురు ఇంజనీర్లు నెలరోజులు పరీక్షించారట. బాణం ఎటూ జారలేదట. కనుక 'యంత్రంలో ఎట్టి లోపమూ లేనప్పుడు రిపేరు నిమిత్తం ఎమ్మిగనూరుకు బస్సు ప్రయాణం ఎందుకు చేయవలసి వచ్చిందో' మూడు ప్రతుల్లో వివరణ ఇమ్మన్నారు.