జగ్గమ్మ చదివిన పేజీ

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట పలక పట్టాను. నా చెయ్యి నెమ్మది. కథ మాత్రం నెమ్మదిగా నడవదు.

ధన్!

ఆనందరావు పిస్తోలు పిడి టేబుల్ మీద పడింది.

"ఏటమ్మా, ఇంకా ఎంతసేపు?"

సాయిసుధ వేళ్ళు కీబోర్డు మీద బిగుసుకుపోయాయి.

"పావుగంట, దాదా."

బెంగాలీవాళ్ళ రేవు పేట, గార్డెన్ రీచ్. పాత సున్నం గోదాం, మూడో అంతస్తు. మిట్టమధ్యాహ్నం. విశ్వకర్మ పూజ... ఓడల యార్డుకి సెలవు. డాబాల మీద గాలిపటాలు, మైకుల్లో పాటలు. అరిచినా వినేవాడు లేడు!

ఉద్యోగమని రప్పించారు. లోపలికి రాగానే తాళం పడింది.

పని ఒకటే. ఈ లినక్స్ కంప్యూటర్‌ని ప్రాక్సీ సర్వర్‌గా మార్చాలి. ఊరికి అటుపక్క సాల్ట్ లేక్‌లో కూర్చుని జనాన్ని ముంచే ముఠా ఏ సైటు తెరిచినా ఈ మిషను గుండానే పోవాలి. రేపు పోలీసులు వెతికితే ఈ గదే దొరకాలి. ముఠా దొరక్కూడదు.

తలుపు మూల ఎవరివో మగవాళ్ళ చెప్పులు. ఇంతకుముందు పనిచేసిన ఇంజనీరువి. పని అయ్యాక అతను వాటిని వేసుకోకుండానే వెళ్ళాడట!

అంటే... సర్వర్ నడిచిన రోజే తనకి ఆఖరి రోజు.

ఇన్‌స్టాల్ అయింది. పోర్టు తెరిచింది. ఎవరిని రానివ్వాలో ఫైల్లో రాసింది.

ఒక్క దారి మిగిలింది!

ప్రాక్సీ ఏదైనా సైటుని ఆపితే, అవతలివాడికి ఒక పేజీ చూపిస్తుంది. ఆ పేజీలో ఏం రాయాలన్నది సర్వర్ పెట్టినవాళ్ళ ఇష్టం. అవతల ఉన్నది కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాళ్ళు. పొద్దున ఫోనులో ఒకడు ఇంటికి పంపెయ్యమని ఏడవడం తను విన్నది.

బ్యాంకు సైటుని ఆపే జాబితాలో పెట్టి, ఆ పేజీలో గబగబా తెలుగులో కొట్టింది.

'గార్డెన్ రీచ్, పాత సున్నం గోదాం, మూడో అంతస్తు. నన్ను చంపుతారు. పోలీసులకి చెప్పండి.'

"ఏటది?"

ఆనందరావు భుజం మీదుగా వంగాడు. రేవు కూలీల బిడ్డ. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు.

"దండకం, దాదా. పూజ రోజు కదా... మిషనులో రాసుకుంటాం."

"ఓహో! జగ్గత్తా, ఇటు రా! రాత్రిబడికెళ్ళి తెగ సదివేవు గదా. ఇది సదువు!"

టీ కెటిల్‌తో వంటమనిషి జగ్గమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. స్క్రీన్‌కి మొహం ఆనించింది. వేలు ఒక్కో అక్షరం కింద జరుగుతోంది...

ఆగింది.



"శ్రీ... విశ్వ... కర్మ... దేవరా..." జగ్గమ్మ కూడబలుక్కుంది. "మమ్మల్ని... కాపాడు... తండ్రీ!"

అక్కడ అలాంటి ముక్క ఒక్కటీ లేదు!

"ఒకటో కలాసు పిల్లే నయం, అత్తా!" ఆనందరావు పగలబడి నవ్వాడు. "సరే, ఆన్ చెయ్."

ఎంటర్.

సర్వర్ లేచింది. వెంటనే ఫోను. సాల్ట్ లేక్ కుర్రాడు!

"అన్నా, బ్యాంకు సైటు రావట్లేదు. ఏదో తెలుగు పేజీ వస్తోంది..."

"దండకంరా అది. దండం ఎట్టుకో!"

అవతల గొంతు తగ్గింది.

"...పెట్టుకుంటానన్నా."

ఆ సైటు సరిచేస్తున్నానంటూ సుధ అరగంట సాగదీసింది. ఇక సాగలేదు. ఆనందరావు ఫోనులో బ్యాంకు సైటు తెరుచుకుంది.

పిస్తోలు లేచింది.

"సెప్పులు ఇప్పీమ్మా."

కింద జీపు ఆగిన చప్పుడు!

అతను తల తిప్పాడు. అంతే... జగ్గమ్మ చేతిలో కెటిల్ లేచింది. మరిగే టీ అతని మొహం మీద!

ఢాం!

పిస్తోలు జారి పడింది. సుధ అందుకుంది. మెట్ల మీద బూట్లు, కేకలు.

జగ్గమ్మ గోడ వెంట జారి కూర్చుంది. కొంగు ఎర్రబడుతోంది. కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి. ఆ పేజీ ఇంకా అక్కడే ఉంది. వేలు గాలిలో కదిలింది.

"గార్డెన్... రీచ్..." ఈసారి ఉన్నది ఉన్నట్టే చదువుతోంది. "పాత... సున్నం... గోదాం... మూడో... అంతస్తు... నన్ను... సం... పు..."

వేలు ఆగిపోయింది.

— వంజరాపు అప్పమ్మ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో, కూతురి దగ్గర.