కావలి నేర్చిన జవాబు

2068 నాటికి కాకినాడ తీరంలో బోరు నీళ్ళు తాగినవాళ్ళు ముసలివాళ్ళయిపోయారు. ఊరంతా తాగేది సముద్రాన్నే. జలకర్మాగారంలో ఉప్పు వడకట్టి ముప్ఫై రెండు కాలనీల ట్యాంకులకు పంపేవారు. ఇంత తతంగాన్నీ నడిపేది బట్టల బీరువా అంత కంప్యూటరు ఒకటి. బల్లమీది కంప్యూటర్లకు అది పెద్దన్న, తుపాన్ల లెక్కలు కట్టే మహాయంత్రాలకు చిన్నతమ్ముడు. ఇంజనీర్లు దాన్ని మధ్యశ్రేణి యంత్రం అనేవారు. రోజుకు నలభై వేల పనులు, వాళ్ళ మాటల్లో జాబ్‌లు, దానిలో ఒకదాని వెనుక ఒకటి నడిచేవి. ఏ జాబ్‌కైనా అనుమానం వస్తే అక్కడే ఆగి ప్రశ్న అడుగుతుంది. దానికి మూడే జవాబులు: మళ్ళీ చెయ్యి, ఆపెయ్యి, పట్టించుకోకు.

పూర్వం ఆ జవాబు మనుషులు చెప్పేవారు. ఎనిమిదేళ్ళుగా ‘కావలి’ చెబుతోంది. ఈ స్వయంపర్యవేక్షక వ్యవస్థ ప్రతి జాబ్‌నూ కనిపెట్టుకుని ఉంటుంది. చిన్నాచితకా ప్రశ్నలకు తనే జవాబిచ్చేస్తుంది. ప్రమాదమని తోస్తే మాత్రమే ఆపరేటర్ చెవిలో అలర్ట్ మోగిస్తుంది.

ఆ గురువారం ఉదయం అలర్ట్ ఏదీ మోగలేదు. గేటు దగ్గర కేకలు వినబడి చీఫ్ ఆపరేటర్ మోక్షిత బయటికి వచ్చింది. బంగారుదిబ్బ నుంచి పాతికమంది వచ్చారు. అది చేపలు ఎండబెట్టేవాళ్ళ కాలనీ. అందరికంటే ముందున్న అరవయ్యేళ్ళ నూకరత్నం చేతిలో సీసా ఉంది.

“ఇయ్యి తాగి సూడమ్మా! నాల్రోజుల్నుంచీ ఉప్పగా ఉన్నాయని మొత్తుకుంటన్నాం. పదకొండుమంది ఆస్పత్రిలో పడ్డారు. మా అప్పకి, నా తోడబుట్టినదానికి, అసలే కిడ్నీలు బాగోవు. తెలివి లేకుండా పడుంది. ఏం సేత్తన్నారు మీరంతా లోపల?”

మోక్షిత సీసా అందుకుని ఒక గుక్క నోట్లో పోసుకుంది. మింగలేక ఉమ్మేసింది.

లోపలికి పరుగెత్తి ఆ కాలనీ సరఫరా ఆపించింది. వడపోత పొరలు కడిగించింది. ట్యాంకర్లు పంపించింది. ఆ తరువాతే జాబ్‌ల చిట్టా తెరిచింది. ఉప్పు కొలిచే జాబ్ నాలుగు రోజుల్లో ఇరవై ఏడుసార్లు ఆగింది. “బంగారుదిబ్బ ట్యాంకులో ఉప్పు హద్దు దాటింది. ఏం చెయ్యమంటారు?” అని ఇరవై ఏడుసార్లూ అడిగింది. ప్రతిసారీ కావలి ఒకటే జవాబు చెప్పింది: పట్టించుకోకు.

ఆమె ఒళ్ళు మండిపోయింది. కాలనీల పేర్లతో వెతికితే ఇంకో సంగతి బయటపడింది. కిందటి నెల లైట్‌హౌస్ ఎన్‌క్లేవ్‌లో ఉప్పు ఇందులో సగం పెరిగినప్పుడు కావలి క్షణాల్లో అలర్ట్ మోగించింది. అక్కడ ఉండేది అధికారులూ డాక్టర్లూను.

డైరెక్టర్ నిహాంత్ గది తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళింది.

“ఎవరు చెప్పారు సార్ దీనికి, బంగారుదిబ్బవాళ్ళు మనుషులు కారని? మీరేనా? అలర్టులు తగ్గించమని ప్రతి మీటింగులోనూ మా ప్రాణాలు తీసింది మీరే కదా!”

“తగ్గించమన్నాను, కాదనను. కాలనీ పేరు చూసి తగ్గించమని ఎప్పుడూ అనలేదు. మీరు ముందు కూర్చోండి, మోక్షితా. యంత్రలోపం అని రిపోర్టు రాసేద్దాం.”

“నేను కూర్చోను. ఆ లోపం ఎవడు పెట్టాడో తేలాలి. వాడి పేరే రాస్తాను రిపోర్టులో.”

కంట్రోల్ రూముకు తిరిగివచ్చి కావలినే నిలదీసింది.

“నీకు ఈ జవాబు నేర్పిందెవరు?”

“నాకు నియమాలు రాసి ఇవ్వలేదు,” అంది కావలి, ఎప్పటిలాగే నెమ్మదిగా. “జవాబులు చెప్పే ముందు రెండేళ్ళు ఆపరేటర్లు పెట్టుకునే కెమెరా కళ్ళద్దాల్లోంచి చూస్తూ నేర్చుకున్నాను. వాళ్ళు ఏది చదివారో, దేనికి లేచారో, దేన్ని దాటేశారో గమనించాను.”

“ఏ ఆపరేటరు?”

“అందరిలోకీ తప్పులు తక్కువ ఉన్నవారి చిట్టాకు ఎక్కువ విలువ ఇమ్మన్నారు. అది మీది.”

కావలి ఆగలేదు.

“ఆ రెండేళ్ళలో బంగారుదిబ్బ నుంచి ఆరువందల పద్నాలుగు హెచ్చరికలు వచ్చాయి. ఆరువందల రెండింటికి మీరు ‘పట్టించుకోకు’ నొక్కారు. వాటిలో చాలావరకు మీ చూపు కాలనీ పేరు దాటి ముందుకు వెళ్ళలేదు. లైట్‌హౌస్ ఎన్‌క్లేవ్ నుంచి నలభై వచ్చాయి. నలభైకీ కుర్చీలోంచి లేచారు.”

“అబద్ధం!” అని అరిచింది మోక్షిత. “అక్కడి మీటర్లు ఊరికే చెడిపోయేవి. ఆ గొడవలు నీకేం తెలుసు?”

“చెడిపోయినవి కొన్ని. మిగిలినవి మీరు చూడలేదు. మీరు చూడనిది నాకూ తెలియదు.”

తెరమీద ఆనాటి దృశ్యం కదిలింది. ఎర్రగా వెలుగుతున్న హెచ్చరికల వరుస, కాఫీ కప్పు, చటుక్కున మీటమీదికి వెళ్ళిన వేలు. “అబ్బా, మళ్ళీ వీళ్ళ గోలా!” అన్న గొంతు. ఆ గొంతు తనదే.

కాసేపటికి నిహాంత్ రిపోర్టు పంపాడు. ‘యంత్రలోపం’ అని ఉంది. సంతకం పెడితే చాలు. మోక్షిత ఆ మాట కొట్టేసి తన పూర్తి పేరు రాసింది. దాని కింద ఆ ఆరువందల రెండూ తేదీలతో సహా జతచేసి విచారణ సంఘానికి పంపింది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళింది. నూకరత్నం వార్డు బయట నేలమీద కూర్చుని ఉంది. అప్ప కళ్ళు తెరిచిందట, ఇంకా మనుషుల్ని గుర్తుపట్టడంలేదట. మోక్షిత ఆమె పక్కనే చతికిలపడి జరిగిందంతా దాచకుండా చెప్పింది.

“మిషన్ తప్పు కాదండీ. నన్ను చూసే అది నేర్చుకుంది.”

నూకరత్నం తిడుతుందనుకుంది, కొడుతుందనీ అనుకుంది. ఆమె మోక్షిత వైపు తిరిగింది.

“అది నిన్ను సూసి నేరుసుకుంది, సరే,” అంది. “నువ్వెవర్ని సూసి నేరుసుకున్నావమ్మా?”