రెండు రింగులు

మా ఇంట్లో ఫోన్ మోగితే ఎత్తరు, లెక్కపెడతారు. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. అత్త ఫోన్ మోగుతుంటే పోనీలే అని ఎత్తి హలో అన్నాను. మా అత్త మాబున్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కుని కట్ చేసింది. పాలగిన్నెలో పిల్లి మూతి పెట్టినా అంత కేక వేసి ఉండదు.

మా మామ ఫకీర్ సాహెబ్ టాక్సీ తోలేవాడు. కువైట్ నుంచో సౌదీ నుంచో సెలవు మీద వచ్చే మా ఊరివాళ్లను బెంగళూరు ఎయిర్‌పోర్టులో ఎక్కించుకుని ఇళ్ల దగ్గర దింపడం ఆయన పని. కాల్స్ ఖరీదుగా ఉన్న రోజుల్లో మొగుడూ పెళ్లాం ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒక్క రింగు ఇచ్చి ఆపేస్తే 'ఎయిర్‌పోర్టు చేరినా' అని. మూడు రింగులైతే 'మనిషి ఎక్కినాడు, బయల్దేరినా'. రెండైతే 'వీధి మలుపులో ఉండా, తలుపు తీయ్'. వేళకాని వేళ హారన్ కొట్టి వీధిని లేపడం ఆయనకు నచ్చేది కాదు. తర్వాత కాల్స్ ఎంతసేపైనా మాట్లాడుకునే కాలం వచ్చింది, పాలమ్మే ఆమె కూడా వీడియోలో మాట్లాడుతోంది. వీళ్లిద్దరూ మాత్రం రింగులు మానలేదు. మీ అమ్మానాయనల కాపురమంతా మిస్డ్ కాల్సేనని మా ఆయన హఫీజ్‌ను ఆటపట్టించేదాన్ని.

హఫీజ్ కువైట్‌లో టైల్స్ పని చేస్తాడు. మా జాస్మిన్ పొత్తిళ్లలో ఉండగా వెళ్లిన మనిషి. ఏ వేళ ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే. "జాస్మిన్ నిద్రపోయిందా?" పట్టపగలు కూడా అదే ప్రశ్న. నిద్రపోవడమేంది, బళ్లో ఎవరి జుట్టో పీకుతాంటాది పో అంటే నవ్వేవాడు. ఆయన లెక్కలో ఆ పిల్ల ఇంకా పొత్తిళ్లలోనే ఉంది.

ఆయన అక్కడుండగానే మామ పోయాడు. ఎవరినో తేవడానికి ఖాళీ సుమోతో బయల్దేరి, కలమల్ల మలుపులో బూడిద లారీని గుద్దాడు. థర్మల్ ప్లాంటు బూడిద బండి మీద కుప్పగా పడింది. మనిషిని పారలతో తవ్వి తీశారు. ఫోన్ మాత్రం దొరకలేదు.

నలభై దినాల ఫాతిహా అయిన మర్నాడు, మధ్యాహ్నం అజాన్ ముగియగానే అత్త ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. మామ నంబరే. ఆ పొద్దు నుంచి రోజూ అదే వేళకు ఒక్క రింగు. నేను తిరిగి కొడితే, ఆ నంబరు వాడుకలో లేదని ఆడగొంతు చెప్పేది. రీచార్జి చేయని నంబర్లు తీసి వేరేవాళ్లకు ఇస్తారు గదా, ఎవరికో ఇచ్చి ఉంటారు, వాళ్లకేదో పిచ్చి అని సరిపెట్టుకున్నాను. దెయ్యాలను నమ్మే రకం కాదు నేను. అత్త వాదించేది కాదు. రింగు రాగానే "చేరినాడు" అని, ఆ తర్వాతే అన్నం ముందు కూర్చునేది. ఆమెను చూస్తే కోపం వచ్చేది, జాలీ వేసేది.

మొన్నటి ఎండాకాలంలో, మా ప్రాంతంలో పాత నెట్‌వర్క్ ఆపేస్తున్నారని, డబ్బా ఫోన్లు ఇక పనిచేయవని మెసేజ్ వచ్చింది. బజారులో కలీం షాపుకు తీసుకెళ్లి అత్త సిమ్ము మార్పించి, నా పాత టచ్ ఫోన్‌లో వేసిచ్చాను. పేర్లన్నీ ఆ డబ్బా ఫోన్‌లోనే ఉండిపోయాయి. రాత్రి చార్జింగుకు పెడితే, పొద్దునకల్లా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అంటూ ఫోన్ దానంతటదే ఆరి వెలిగి, కొత్త సౌకర్యాల చాంతాడంత జాబితా ఒకటి చూపించింది. అవన్నీ చదివేవాడెవడు? లోకమంతా చేసే పనే నేనూ చేశాను. సరే అని నొక్కాను.

ఆ రోజే హఫీజ్ వస్తున్నాడు. మధ్యాహ్నానికి బెంగళూరులో దిగుతాడు. చాపాడు నుంచి తరుణ్ అనే కుర్ర డ్రైవరు తెల్లారకముందే కారు తీసుకుని వెళ్లాడు. ఇంట్లో మసాలా వాసన. జాస్మిన్ కొత్త గౌను వేసుకుని వీధికీ ఇంట్లోకీ తిరుగుతోంది. అజాన్ అయింది. అత్త ఫోన్ మోగింది.

ఒక్క రింగు... తర్వాత ఆగలేదు. ఎవరో ఎత్తారు.

"నమస్కారం. మీరెవరు? ఏ పని మీద ఫోన్ చేశారో చెప్పండి." మరమనిషి గొంతు. అప్పుడు అర్థమైంది. పేరు లేని నంబరుకు ఫోనే జవాబు చెబుతుంది, అవతలివాళ్లు చెప్పింది అక్షరాల్లో చూపిస్తుంది. అదీ కొత్త సౌకర్యం. కట్టుకున్నదాని ఫోన్‌కు మామ ఎవరో తెలియని మనిషి అయిపోయాడు.

గాలి హోరు వినిపించింది. రేకు మీద ఇసుక జారుతున్న చప్పుడు. ఆ వెనక తడారిపోయిన గొంతు. తెర మీద ఒక్కొక్క అక్షరమే పడింది.

"చేరినా... మనిషి పేరు చెప్పు."

అత్త చేతిలో గరిటె కింద పడింది. ఆ గొంతు నాకూ తెలుసు.

"ఇన్నేండ్లు ఆడ్నే నిలబడుండావా?" అత్త ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. "ఎవురూ పేరు చెప్పలేదా నీకు? మన హఫీజ్ వస్తాండాడు. ఈ పొద్దే. పిల్చుకోని రా..."

నేను దూకి కట్ చేశాను. అప్పటికే తెర మీద చివరి మాట పడింది.

"సరే."

ఎవరో ఆకతాయి అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ నంబరుకు మామ అని పేరు పెట్టాను, పేరుంటే ఫోన్ దానంతటది ఎత్తదని. కాసేపటికి మళ్లీ మోగింది. ఒకటి. రెండు. మూడు. ఆగింది.

"మనిషి ఎక్కినాడు," అంది అత్త.

వెంటనే నా ఫోన్ మోగింది. తరుణ్. "అక్కా, ఇమానం దిగినోళ్లంతా ఎళ్లిపోయినారు. అన్న కనపళ్ళేదు. ఫోన్ కొడ్తే ఎత్తడంలే. ఏం చేసేది?"

హఫీజ్‌కు కొట్టాను. ఎత్తాడు.

"జాస్మిన్ నిద్రపోయిందా?"

"యాడుండావు నువ్వు?"

"బండ్లో. నువ్వే పంపినావు గదా సుమయ్యా. సుమో పంపినావేంది, ఏసీ గూడా ల్యా. ముసలాయన, మొగానికి తువ్వాల చుట్టుకోనుండాడు. పేరు రాసిన అట్ట చూపిచ్చినాడు, అంతే, మాటల్లేవు. బాగా తోల్తాండాడులే. నాకు నిద్రొస్తాంది."

"బండ్లో... ఏం వాసనొస్తాంది?"

"నీకెట్ల తెలుసు? బూడిద వాసన. సీట్ల మీద గూడా ఉండాది."

మీ నాయన అని చెప్పడానికి నోరు రాలేదు. "ఆ బండి మనది కాదు. తరుణ్ ఆడ ఎయిర్‌పోర్టులో ఉండాడు. ఏదన్నా ఊరొస్తానే దిగు. నీకు దండం పెడతా, లొకేషన్ పెట్టు."

నా గొంతు విని ఆయనకూ నిద్ర ఎగిరిపోయినట్టుంది. లొకేషన్ పంపాడు. మ్యాపులో ఆయన ఫొటో ఉన్న చిన్న చుక్క కదులుతోంది. రెండు మూడు గంటలకు కదిరి దాటింది. మళ్లీ కొడితే సిగ్నల్ లేదు.

"వాళ్ల నాయన తోల్తాండాడు. నీకేం భయం?" అంది అత్త.

"యాడికి తోల్తాండాడో నీకు తెలుసా అత్తా?"

అత్త వెళ్లి పొయ్యి ఆర్పింది.

పొద్దు వాలుతుండగా ఎవరిదో నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. హఫీజ్ గొంతే. "పులివెందుల్లో దిగినా. టీ తాగాలని ఆపిచ్చినా. దిగుతానే బండి ఎళ్లిపోయింది. నా ఫోన్ బండ్లోనే ఉండాది. ఇది హోటలాయన ఫోన్."

నాకు ఏడుపు ఆగలేదు. "కలమల్ల దారిన రావొద్దు. ముద్దనూరు కాడ తిరుక్కోని జమ్మలమడుగు మీద వచ్చే బస్సు ఎక్కు."

"సరే," అన్నాడు. పెట్టేశాడు.

నేను నేల మీద కూలబడి దేవుడికి మొక్కుకున్నాను. గెలిచానని అనుకున్నాను. చేతిలో చుక్క మాత్రం కదులుతూనే ఉంది. ఫోన్ బండిలో ఉంది గదా. ముద్దనూరు దాటింది. కలమల్ల మలుపులో ఆగింది. ఆగే ఉంది.

మబ్బు పట్టింది. దుమ్ముగాలి లేచి కరెంటు పోయింది. దీపం వెలుతురులో జాస్మిన్ వాళ్ల జేజి, మా అత్త ఒడిలో కునుకు తీస్తోంది. రాత్రి ఇషా అజాన్ అయిన కాసేపటికి తలుపు తట్టారు. హఫీజ్.

ఒళ్లంతా దుమ్ము. బస్సు ప్రయాణం మరి. నేను చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. జాస్మిన్ మేలుకుని వాళ్ల జేజి కొంగు వెనక దాక్కుంది. ఫోన్‌లో తప్ప చూడని తండ్రి, కొత్త ఉండదా? అత్త కొడుకు తల నిమరబోయింది. చేయి వేసి... మెల్లగా తీసేసుకుంది. ఆకలి లేదని చెప్పి ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

అప్పుడు చుక్క కదిలింది.

ఎర్రగుంట్ల. పెన్న బ్రిడ్జి. మా బజారు. మా వీధి మలుపు.

అత్త ఫోన్ మోగింది. ఒకటి... రెండు... ఆగింది.

తలుపు కింది సందులోంచి లైటు వెలుతురు నేల మీద పడింది. డీజిలు ఇంజను గురగురమంటోంది. బూడిద వాసన ఇల్లంతా పాకింది. అత్త లేచింది.

"కూసో అత్తా," అని గుసగుసగా అన్నాను.

ఆమె నా చెవి దగ్గరికి వంగింది. "మనిషి పులివెందుల్లోనే దిగిపాయ గదా... మరి ఈయప్ప ఎవర్ని తెచ్చినాడు?"

నా చేయి గడియ మీద ఉంది. వెనక చీకట్లోంచి హఫీజ్ మెల్లగా అన్నాడు.

"తీయొద్దు."

తీయలేదు. చాలాసేపు వెలుతురు అక్కడే ఉండి, తర్వాత వెనక్కి జరిగి పోయింది. మ్యాపులో చుక్క కూడా పోయింది. తెల్లారి తలుపు తీస్తే హఫీజ్ పెట్టెలు మెట్టు మీద ఉన్నాయి. తెల్లటి బూడిద కింద మామ కట్టే పద్ధతిలోనే తాడు ముడులు. ఫోన్ మాత్రం లేదు.

ఇది జరిగి నెలలైంది. హఫీజ్ తిరిగి కువైట్ వెళ్లలేదు. మంచిగానే ఉంటాడు. అరవడు, కసరడు, పెట్టింది తింటాడు. పాత నంబరుతో కొత్త సిమ్ము తీసుకుందామని కలీం షాపుకు వెళితే, వేలిముద్ర పెట్టే మిషన్ ఆయన వేళ్లలో ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. "గల్ఫులో టైల్స్ పని చేసినోళ్ల వేళ్లు అరిగిపోతాయిలే అక్కా, మామూలే," అన్నాడు కలీం. మామూలే అని నేనూ ఇంటికొచ్చాను. ఎన్నో రోజులు అలాగే అనుకున్నాను.

మధ్యాహ్నం రింగు ఆ రోజుతో ఆగిపోయింది. ఇప్పుడు రోజూ ఇషా అయ్యాక రెండు రింగులు వస్తాయి. ఆ వేళకు అత్త తలుపు వైపు ముఖం పెట్టి కూర్చుంటుంది. కొడుకు వైపు చూడదు. మొన్న నా చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు తలుపు తీయాల్సింది మే," అంది. ఎందుకని అడిగితే కళ్లు తుడుచుకుని మళ్లీ తలుపు వైపు తిరిగింది.

నాకు నిద్ర పట్టడం మానేసింది. నిన్న, జాస్మిన్ పడుకున్నాక, అత్త ఫోన్ తీసుకున్నాను. మామ అన్న పేరు తీసేశాను. ఏ చప్పుడూ బయటికి రాకుండా ఫోన్ గొంతు పూర్తిగా తగ్గించి, తలుపు దగ్గర ముసుగులో పెట్టుకుని కూర్చున్నాను.

ఇషా అయింది. తెర వెలిగింది. ఫోన్ దానంతటదే ఎత్తింది. మరమనిషి ప్రశ్న అక్షరాల్లో కనబడింది. తర్వాత ఖాళీ. ఎంతోసేపు ఖాళీ. ఆ పైన జవాబు మెల్లగా పడింది.

"మలుపులోనే ఉండాం..."

ఇంకో వరుస పడింది.

"సుమయ్యా, జాస్మిన్ నిద్రపోయిందా?"

ఇంట్లో ఉన్న మనిషి, ఇన్ని నెలల్లో, ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. గడియ వైపు చేయి చాపాను.

వెనక మంచం కిర్రుమంది.

తిరిగి చూశాను. ఆయన జాస్మిన్ పక్కన కూర్చుని ఉన్నాడు. దుప్పటి సర్ది, పిల్ల నుదుటి మీద చేయి వేశాడు. నా వైపు చూడనే లేదు.

"నిద్రపోయిందని చెప్పు," అన్నాడు.