ఏడో అంతస్తులో కోల్డ్

స్వామి నానక్‌రామ్‌గూడలోని ఒక ఐటీ టవర్లో ఏసీలు చూసే టెక్నీషియన్. సోమవారం పొద్దున్నే అతని ఫోన్‌కి ఫిర్యాదు వచ్చింది: ‘సెవెన్త్ ఫ్లోర్ వెరీ కోల్డ్. - ఉదయశ్రీ.’

రెండు డిగ్రీలు పెంచాడు. మంగళవారం, ‘స్టిల్ కోల్డ్.’ ఇంకో రెండు పెంచాడు. బుధవారం, ‘ఐస్ కోల్డ్!’

స్వామికి పౌరుషం వచ్చింది. థర్మామీటరు పట్టుకుని పైకెళ్లాడు. ఫ్లోరంతా చెమటలు కక్కుతోంది. కిటికీ పక్కన ఉదయశ్రీ అని బ్యాడ్జి ఉన్న ఒకమ్మాయి ఒంటరిగా కూర్చుని ఉంది.

“మేడమ్, ఇరవై ఎనిమిదున్నది. అందరు ఫైళ్లతోని ఇసురుకుంటున్నరు. మీకింకా చలేనా? జరమొచ్చిందా ఏంది?”

ఆమె తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వేసింది.

“అయ్యో, కోల్డంటే చలి కాదండి! యాప్‌లో ఆఫీసెలా ఉందని అడిగితే మనుషుల గురించి రాశాను. కాకినాడ నుంచి వచ్చి నెలైంది. ఒక్కరూ పలకరించరు.”

“గదేదో తెలుగుల రాయొచ్చు గదా! మూడు దినాల సంది పరేషాన్ అయితున్న.”

“సారీ అండి. శుక్రవారం రిజైన్ చేసి వెళ్లిపోతున్నాను లెండి.”

ఆ నవ్వు వెనక కళ్లు తడిగా ఉండటం స్వామి చూశాడు.

“ఏసీ ఎందుకు బంద్ చేశావ్?” అని అంతలో అటువైపు నుంచి ఆమె టీమ్ లీడర్ అవినాష్ అరిచాడు.

“ఆ కిటికీ పక్కన కూసున్నామెతోని ఎవరు మాట్లాడుతలేరంట సార్. ఆ కోల్డ్ పోగొట్టుడు నా మిషన్‌తోని కాదు, మీరే చెయ్యాలె.”

అవినాష్ తల దించుకున్నాడు. ఆ మధ్యాహ్నం భోజనానికి రమ్మని ఉదయశ్రీని ఐదుగురు పిలిచారు. శుక్రవారం వచ్చింది, వెళ్లింది. ఆమె వెళ్లలేదు. సాయంత్రాలు మాత్రం కిందకొచ్చి స్వామితో టీ తాగేది.

నాలుగు నెలలకి, వాన కురుస్తుంటే, స్వామి ధైర్యం చేశాడు.

“మీరంటే నాకిష్టం మేడమ్. నేను చదివింది ఐటీఐనే...”

“మా నాన్నగారు లైన్‌మన్ అండి,” అంది ఉదయశ్రీ. “ఆదివారం మీ ఇంటికొస్తాను. జవాబు అక్కడే చెప్తాను.”



ఆదివారం నార్సింగిలో తలుపు తీసిన స్వామి తల్లి ఈరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “నాకు మీ ఇంగ్లీషు రాదు బిడ్డా. ఏమనుకోకు.”

“మీ తెలుగూ నాకు సగమే అర్థమవుతుంది, అత్తయ్యా. మెల్లగా నేర్పండి.”

మంచినీళ్లు తెస్తున్న స్వామి గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

ఈరమ్మ కొడుకు వైపు తిరిగింది. “అత్తయ్య అనె, ఇనవడ్డదా? గట్ల నిలవడ్డవేందిరా, కుర్చీ ఎయ్యి!”