తలకట్టు దాటిన గీత

పేజీలు సర్దే యంత్రం, సర్దరి, మళ్ళీ గీతను కిందికి నొక్కేసింది.

నగరపత్రం కూర్చే గదిలో నళిని పళ్ళు కొరుకుతూ దాన్ని మళ్ళీ పైకి లాగింది. ‘తూర్పుపేట నీటిలో ఉప్పు’ అన్న మాట పక్కనే, అక్షరమంత ఎత్తులో, నెల రోజుల కొలతలు ఒక సన్నని వరుసగీతగా సాగాలి. సముద్రం ఊళ్ళోకి వచ్చి, జనం గట్టు మీద నగరం కట్టుకున్నాక చేసిన మొదటి చట్టం అది. నగరపత్రంలో ఏ మాటా దాని గీత లేకుండా వీధుల్లో వెలిగే పలకల మీదికి ఎక్కకూడదు. గీత తలకట్టు దాటకూడదన్న నిబంధన మాత్రం తర్వాత ఎవరో చేర్చారు, పేజీ అందంగా ఉండాలని.

ఉప్పు రెండింతలు పెరిగినా పదింతలు పెరిగినా సర్దరి దాన్ని తలకట్టు కింద ఇమిడ్చేది. పొద్దున ‘వస్త్రాల ధర’ దగ్గర ఒత్తులకు తగులుతోందని గీత అడుగుభాగం కోసేసింది. ఇప్పుడు గీత కుంగకుండా నళిని పాత కొలబద్దను బిగించి పెడితే, క్షణంలో ఊడదీసి, “వరుస చక్కబడింది” అని తీయగా పలికింది.

“చక్కబడింది నీ మొహం!” అని నళిని అరిచింది.

పర్యవేక్షకుడు గవర్రాజు టీ గ్లాసుతో వచ్చాడు. “ఏవైందమ్మా మళ్ళీ?”

“ఇది చూడండి సార్. కిందటి వారంతో పోలిస్తే ఆరింతలైంది ఉప్పు. ఇక్కడేమో చిన్న బొడిపెలా ఉంది.”

“నీటి విభాగానికి చెప్పావా?”

“పొద్దుట్నించీ చెప్తూనే ఉన్నాను. పత్రంలో గీత మామూలుగానే ఉంది కదండీ అంటున్నారు! ఆ గీత గీసేదాన్ని నేనే కదా సార్!”

గవర్రాజు నవ్వబోయి ఆగాడు. “చూడమ్మా, గీత పైకి లేస్తే పై వరుసలు జరగాలి. వరుసలు జరిగితే పేజీ జరుగుతుంది. దానికి ముడిపడ్డ పేటల పత్రాలన్నీ మళ్ళీ కూర్చాలి. మధ్యాహ్నానికి పలకలు ఖాళీగా ఉంటే చివాట్లెవరికి? ఇంతకీ ఏ పేటది?”

“తూర్పుపేట.”

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. కుర్చీ లాక్కుని, కళ్ళజోడు సవరించుకుని, అసలు కొలతలు ఒక్కొక్కటే చదివాడు.

“మా అమ్మాయి అక్కడే ఉంది. బాలింత. దానికి పాలు చాలక పసిగుడ్డుకి డబ్బాపాలు కలుపుతోంది. నిన్న ఫోన్లో, నీళ్ళు ఉప్పగా ఉన్నాయి నాన్నా, అంది. నేను పత్రం చూసి, బాగానే ఉన్నాయి, నీ నోరే బాలేదేమో అన్నాను.”

అతను గోడవైపు తిరిగి కూతురికి ఫోన్ చేశాడు. ఆ నీళ్ళు ముట్టుకోవద్దన్నాడు, అల్లుణ్ణి పంపి గట్టు దుకాణంలో సీసాలు తెప్పించుకోమన్నాడు. ఫోన్ పెట్టేసి లేచి నిలబడ్డాడు గాని, ఎటు వెళ్ళాలో తెలియనట్టు అక్కడే ఉండిపోయాడు.

“మీ అమ్మాయికి చెప్పారు సరే, ఆ పేటలో మిగతా పసిపిల్లల మాటేంటండీ?” అంది నళిని.

అతను మళ్ళీ ఆ కొలతల వైపు చూశాడు.

ఆమె సర్దరిని ఆపేసింది. అలా ఆపవచ్చునని శిక్షణలో ఒకసారి చెప్పారు. ఆపినవాళ్ళు ఆ గదిలో మిగలలేదని కూడా అందరికీ తెలుసు. తెర మీద ప్రశ్న వచ్చింది: వరుసలు చెదురుతాయి. బాధ్యత ఎవరిది?

నళిని తన పేరు కొట్టింది. తొందరలో ఒక గుణింతం తప్పుపడితే విసుక్కుంటూ దిద్దింది. ‘పంపు’ నొక్కబోతుంటే గవర్రాజు ఆమె చెయ్యి ఆపాడు. అడ్డుపడతాడేమోనని ఆమె తలెత్తి చూసింది. అతను వంగి, ఆమె పేరు కింద తన పేరు చేర్చాడు. తర్వాత తనే నొక్కాడు.

గీత లేచింది. తలకట్టు దాటి, పై వరుసలోకి, దాని పై వరుసలోకి దూసుకుపోయింది. దారిలో ఉన్న మాటలు చెల్లాచెదురయ్యాయి. అభినందనల పేరా రెండు ముక్కలై పక్క పేజీకి జారింది. పేట తర్వాత పేటగా నగరంలోని పలకలన్నీ ఒక్క క్షణం వెలవెలబోయి, మళ్ళీ వెలిగాయి. ప్రతి పలక మీదా ఆ నిలువు గీత.

గదిలో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. గవర్రాజు దగ్గర్లో ఉన్నది తీశాడు. నీటి విభాగం అధికారి గొంతు నళిని దాకా వినిపించింది. “ఏంటండీ ఇది? మీ పత్రం పాడైపోయింది!”

“పాడైంది పత్రం కాదండీ, నీళ్ళు,” అన్నాడు గవర్రాజు.