పద్నాలుగు టేకుల బావ

ఇంద్రజ అందర్నీ బావా అంటుంది.

టెక్కలి బస్సు కాంప్లెక్సు ముందు టీ పోసే ధనుంజయని బావా అంటుంది. పలాస బస్సు కండక్టరుకి యాభై దాటాయి, అతన్నీ అంటుంది. మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ప్రింటరు మొరాయిస్తే దాని నెత్తిన ఒకటిచ్చి, "కదలవేటి బావా?" అనడం నేను స్వయంగా విన్నాను.

నన్ను మాత్రం జయకృష్ణా అంటుంది. హాజరుపట్టీలో రాసినట్టు, ఒక్క అక్షరం తగ్గించకుండా.

మా జిల్లాలో బావ, మావ అన్న మాటలకి పెద్ద ఖరీదేమీ లేదు. దారినపోయేవాణ్ణి ఆపి అడ్రసడగాలన్నా బావే. అంత చవకైన మాట ఊరందరికీ పంచిపెట్టి, నా దగ్గరికొచ్చేసరికి దాచేసుకుంటుందేం? ఫస్టియర్లో నాకిది పట్టలేదు. ఫైనలియర్‌కి వచ్చేసరికి ఇది తప్ప ఇంకేమీ పట్టడం లేదు.

ఆ మార్చిలో కాలేజీలో షార్ట్ ఫిలిం పోటీ పెట్టారు. ఎనిమిది నిమిషాల సినిమా, పదిహేను రోజుల గడువు. ఇంద్రజ క్లాసులో లేచి నిలబడి, కథ నాదే, డైరెక్షనూ నాదే అని ప్రకటించేసింది. తర్వాత నా బెంచీ దగ్గరికొచ్చింది.

"సౌండు నువ్వు సూసుకో జయకృష్ణా."

"సౌండు సూసీదేటి? ఇనీది కదా?"

"అదిగో, నీకు సబ్జెక్టు తెలుసు. ఫిక్స్."

అలా రికార్డరు, హెడ్‌ఫోను, ఎడిటింగు పని నాకు అంటగట్టింది. అప్పటికి నాకు తెలిసిన టెక్నాలజీ అంతా ఫోనులో రీల్స్ పైకి తోయడమే. అయినా సరే అన్నాను. ఆమె సముద్రం సౌండు పట్టి సీసాలో పోసి తెమ్మన్నా సరే అనేవాణ్ణి.

కెమెరా తరుణ్‌ది. పలాసలో వాళ్ళ నాన్నకి పెళ్ళిళ్ళ ఫొటో స్టూడియో ఉంది. వాడికి లెన్సులు తెలుసు, డ్రోన్ తెలుసు, జుట్టు ఎటు దువ్వితే ఏ లైటులో బాగుంటుందో తెలుసు. దాంతో హీరో కూడా వాడే అయ్యాడు.

"తరుణ్ బావా, ఈ గింబల్ ఎలాగ పట్టుకోవాల?" అని ఇంద్రజ అడగడం, వాడు వెనక నిలబడి ఆమె మణికట్టు పట్టుకుని నేర్పడం. గింబల్ అంటే కెమెరా వణక్కుండా ఆపే కర్ర. మనిషి చెయ్యి పట్టుకోవాలని దాని మీద ఎక్కడా రాసిలేదు. ఆ రాత్రి నేను గింబల్ పాఠాలు ఆరు వీడియోలు చూశాను. ఒక్కడూ ఎవరి మణికట్టూ పట్టుకోలేదు.

కథ ఇంద్రజ వాళ్ళ మామ్మ సూరమ్మది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ జీడిపిక్కలు ఒలిచేది. పిక్క పగిలితే కారే జీడికి చేతులు నల్లబడి పొక్కులెక్కుతాయి. మా సినిమాలో అలాంటి పిల్ల, పెళ్ళిచూపులకి వచ్చిన బావ ముందు చేతులు కొంగులో దాచుకుంటుంది. చివరికి తెగించి కొంగు తీసి, "బావా, నా సేతులు సూడు," అంటుంది. అతను ఏమీ మాట్లాడడు. చూసి, తల ఊపుతాడు. సినిమా అయిపోతుంది.

కథ విని, ఆ బావా ఇంద్రజ నోట తరుణ్‌కి దక్కుతుందేమోనని భయపడ్డాను. ఆ పిల్లగా మా క్లాసు హేమలత చేస్తుందని తెలిసి హాయిగా ఊపిరి తీసుకున్నాను. సరిగ్గా షూటింగు ముందురోజు హేమలతకి అమ్మవారు పోసింది.

"ఇంకేటి సేత్తాం? నేనే సేసేత్తాను," అంది ఇంద్రజ.

*

జలంత్రకోటలో ఇంద్రజ వాళ్ళ జీడితోట. తరుణ్ కెమెరా స్టాండు మీద పెట్టి, ఫోకస్ సరిచూసుకుని, వెళ్ళి ఫ్రేములో నిలబడ్డాడు. వాడికి ఇస్త్రీ చొక్కా. ఇంద్రజకి వాళ్ళమ్మ పాత నేతచీర, చేతులకి మసి. నేను చెట్టు వెనక హెడ్‌ఫోను పెట్టుకుని కూచున్నాను. మైకు ఆమె కొంగు అంచున ఉంది.

హెడ్‌ఫోను సంగతి పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఎదుటివాళ్ళు పది గజాల దూరంలో ఉన్నా గొంతు మన చెవిలోనే పలుకుతుంది. "బావా..." అంది ఇంద్రజ, నా రెండు చెవుల్లో. నాతో కాదు.

"కట్," అన్నాను. నిజానికి ఆ మాట డైరెక్టరు అనాలి.

"ఏటయింది?"

"గాలి."

రెండో టేకుకి బస్సు హారన్ అన్నాను. అయిదో టేకుకి కాకి. ఏడో టేకు ఎంత బాగా చేసిందంటే, దాన్ని ఎలాగైనా చెడగొట్టాలని మేక అరిచిందన్నాను.

"మేకెక్కడుంది బ్రో?" అని తరుణ్ తోటంతా చూశాడు.

"మైకుకి ఇనబడ్డాది. నీకు ఇనబడదు."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు కదా. నేను ఆపినకొద్దీ ఆ మాట మళ్ళీ అనాల్సి వచ్చింది. అనేకొద్దీ దానికి ప్రాణం వచ్చింది. పదో టేకుకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పద్నాలుగో టేకుకి తరుణ్ గాడి కళ్ళలో కూడా తిరిగాయి. నాకు వాణ్ణి కొబ్బరిచెట్టెక్కించి కిందినుంచి నిచ్చెన తీసేయాలనిపించింది.

సూరమ్మ తోట పక్కనున్న ఇంటి అరుగు మీంచి అంతా చూస్తోంది. "ఏటిరా అబ్బీ, పిల్ల గొంతు అరిగిపోతంది. సెవులకి ఆ డిప్పలెట్టుకుని నీకేటి ఇనబడక?" అంది.

అప్పుడు ఓకే చెప్పాను.

*

మర్నాడు ఎడిటింగు పాఠం మొదలైంది. ల్యాబులో కంప్యూటరుకి రికార్డరు కార్డు పెట్టాను. షూటింగు ఫోల్డరు మీద రైట్ క్లిక్, సెండ్ టు, డెస్క్‌టాప్. అరక్షణంలో ఫోల్డరు బొమ్మ తెరమీదికి వచ్చేసింది. ఎంత ఫాస్టు కంప్యూటరు అనుకున్నాను. బొమ్మ మూల చిన్న బాణం గుర్తుంది. చేరిందని గుర్తు కాబోలు అనుకున్నాను. కార్డు ఫార్మాట్ చేసి ఖాళీ చేసేసి, సినిమాలో పేర్లు పడేచోట పనికొస్తుందని బారువ తీరానికెళ్ళి కార్డు నిండేదాకా అలల చప్పుడు పట్టుకొచ్చాను.

సాయంత్రం ముగ్గురం కంప్యూటరు ముందు కూచున్నాం. ఫోల్డరు తెరుచుకోలేదు. ల్యాబు చూసే జయశ్రీ మేడమ్ వచ్చి చూసి, నుదురు కొట్టుకుంది.

"ఇది ఫోల్డరు కాదు జయకృష్ణా, షార్ట్‌కట్. ఇంటికి దారి సూపించే బోర్డు. బోర్డు ఇక్కడ పాతి, ఇల్లు పడగొట్టేసినావు. పైగా అక్కడ సముద్రం పోసీసినావు, ఇంక తిరిగి రాదు."

బొమ్మ మొత్తం తరుణ్ కెమెరాలో భద్రంగా ఉంది. గొంతులే లేవు. కెమెరాకున్న చిన్న మైకులో గాలి హోరు తప్ప మాట తెలియడం లేదు.

"కావాలనే సేసినాడు," అన్నాడు తరుణ్. "నిన్నే డౌటొచ్చింది నాకు. మేకంట, మేక!"

ఇంద్రజ నా వైపు తిరిగింది. "కావాలని సేసినావా?"

"నేదు. ఒట్టు."

నమ్మింది. ముఖం చూస్తేనే తెలిసింది. అక్కడితో ఊరుకున్నవాడు తెలివైనవాడు. నేను ఊరుకోలేదు.

"కానీ పోయిందని తెలిసినప్పుడు ఒక్క నిమిషం ఆనందమేసింది."

"ఆనందమా? ఎందుకు?"

"ఆ పద్నాలుగు బావలూ పోనాయి కదా అని."

ఇంద్రజ కంప్యూటరుకున్న కార్డు తీసి నా చేతిలో పెట్టింది. కోప్పడితే బాగుండేది.

"మా మామ్మ సేతులు సూసి రాసుకున్నాను ఆ కథ," అంది. "డెబ్బై ఏళ్ళొచ్చినా ఎవరైనా ఇంటికొత్తే ఇప్పటికీ సేతులు కొంగులో దాసుకుంటాది. అది పోతే నీకు ఆనందమేసింది." బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

అసూయ గొప్ప రుచిగా ఉంటుంది, మనలో మనం నములుకున్నంతసేపు. ఎదుటివాళ్ళ ముందు ఉమ్మితే తెలుస్తుంది దాని సంగతి.

రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. జయకృష్ణా అని కూడా పిలవలేదు. అంతవరకూ ఆ పిలుపు నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు బస్సులో, క్యాంటీన్లో ఎవరైనా ఆ పేరెత్తితే చాలు, వెనక్కి తిరిగి చూస్తున్నాను. గడువు శుక్రవారం. గురువారం పొద్దున మెసేజి వచ్చింది: "పదకొండుకి మా ఇంటికి రా. రికార్డరు తే. డబ్బింగు."

*

సూరమ్మ గదిలో కిటికీలకి బొంతలు కట్టి ఉన్నాయి. గోడలకి దుప్పట్లు. ఫ్యాను చప్పుడు రికార్డవుతుందని ఆపేశారు. లోపల ఉడుకు ఎలా ఉందంటే, జీడిపిక్కలు పెడితే వాటంతటవే వేగిపోతాయి. సూరమ్మ బయట వరండాలో మంచమ్మీద కూచుంది.

"తరుణ్ రాలేదా?" అన్నాను.

"ఇచ్ఛాపురంలో పెళ్ళి షూటింగు. నా మాట ఒక్కటే కదా డబ్బింగు. వాడికి డైలాగెక్కడుంది?" నా వైపు చూడకుండా చెప్పింది. "లాప్‌టాప్‌లో బొమ్మ సూసుకుంటూ పెదాలకి కలపాల. నువ్వు సౌండు సూడు."

హెడ్‌ఫోను పెట్టుకుని, రికార్డు నొక్కి, ఎర్రలైటు వెలిగిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. తెరమీద ఇంద్రజ కొంగు తీసి చేతులు చాపింది. గదిలో ఇంద్రజ నోరు తెరిచింది.

"బ..."

ఆగిపోయింది. మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. ఈసారి దగ్గొచ్చింది. మూడోసారి నవ్వొచ్చింది. నాలుగోసారి, "నువ్వు నన్ను సూడకు," అంది. గోడవైపు తిరిగి కూచున్నాను. అయినా రాలేదు.

"నేను బయటికెల్లిపోనా?"

"నువ్వు బయటున్నా రాదు."

"అయిదు గంటలు తోటలో నించుని వాడితో పద్నాలుగుసార్లు అన్నావు కదా?"

"వాడితో అనడం నటన. నాకొచ్చు."

"టీ కొట్టు ధనుంజయని అంతావు."

"అది పిలుపు."

"ప్రింటర్ని కూడా అన్నావు! నేనిన్నాను!"

"ప్రింటరు నిజమనుకోదు కదా!" అని గట్టిగా అరిచేసింది.

నేను ఇటు తిరిగాను. ఆమె ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. ఉడుకు వల్లేనని చెప్పలేను.

"నువ్వు అనుకుంటావు," అంది గొంతు తగ్గించి. "నిన్ను బావా అంతే నేనూ నిజమనుకుంటాను. అందుకే పేరెట్టి పిలుత్తన్నాను, మొదట్నుంచీ. ఇంత సిన్న సంగతి నీకు తెలీదేటి?"

తెలియదు. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళందరి మీదా కుళ్ళుకుని చచ్చాను గానీ, ఆ పేరు నా ఒక్కడి కోసం తీసిపెట్టిందని తట్టనేలేదు. సంతోషం పట్టలేక, అనకూడనిదే మళ్ళీ అన్నాను.

"మరి మొన్న అంత కోపమెందుకు?"

"కోపం రాదేటి? నువ్వు కుళ్ళుకోడం నాకు ఇష్టమే. దానికి మామ్మ సేతులు పోనాయని సంబరపడ్డం ఇష్టం నేదు."

"తప్పయిపోనాది."

"మళ్ళీ సేత్తావా?"

"కుళ్ళుకోడం సేత్తాను. సంబరపడను."

నవ్వింది. వరండాలోంచి సూరమ్మ గొంతు వినిపించింది: "ఏటే, ఊరందర్నీ బావా బావా అని తిరిగీదానివి, నోరు పడిపోనాదేటి? ఒక్క మాటకి ఇంతసేపేటే?"

ఇంద్రజ కళ్ళు మూసుకుని తెరిచింది. "మొదట్నుంచి పెట్టు," అంది. "ఇటు తిరిగే కూకో."

పెట్టాను. తెరమీద కొంగు జరిగింది. ఇంద్రజ తెర చూడలేదు. నన్ను చూసింది.

"బావా," అంది. "నా సేతులు సూడు."

నటన లేదు. తోటలో ఉన్న వణుకు లేదు, కన్నీళ్ళు లేవు. ఇంట్లో మనిషిని పిలిచినట్టు పిలిచింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట ఇంత మామూలుగా ఉంటుందనుకోలేదు. నేను ఆమె చేతులు చూశాను. మసి లేదు, ఏమీ లేదు. పెన్ను ఇంకు కొంచెం అంటుకుని ఉంది.

బయట మంచం కిర్రుమంది. "ఇప్పుడు సరిగ్గా పిలిసినావే," అంది సూరమ్మ. "అబ్బీ, మీదే ఊరన్నావు?"

"సంతబొమ్మాళి మామ్మా."

"మీ అమ్మనోపాలి రమ్మను. కొబ్బరి బొండాలు తాగి ఎల్దురుగాని." తలుపు సందులోంచి, నల్లటి మరకలు పడిన ఆవిడ చెయ్యి మా ఇద్దరికీ మంచినీళ్ళ చెంబు అందించింది. ఆ చెయ్యి కొంగులో లేదు.

ఇంద్రజ నీళ్ళు తాగి నా హెడ్‌ఫోను లాక్కుంది. "ఇంక మేకలు నేవు కదా? ఇననీ."

రికార్డయింది వినిపించాను. తెరమీద తన బొమ్మని చూసుకుంటూ వింటోంది. ఉన్నట్టుండి కనుబొమలు పైకి లేచాయి. వెనక్కి తిప్పి మళ్ళీ వింది.

"ఇదేటి? నా మాట ఎనకాల ఎవరో 'ఊఁ' అన్నారు."

"ఎవరూ అన్లేదే?"

హెడ్‌ఫోను నా చెవికి పెట్టింది. బావా, నా సేతులు సూడు, అంది ఇంద్రజ. ఒక్క లిప్త తర్వాత మెల్లగా, బాగా దగ్గర్నుంచి, "ఊఁ" అన్నాను నేను. అన్నట్టు నాకే తెలియదు. సౌండు మనిషి టేకులో ఊపిరి కూడా గట్టిగా తీయకూడదన్నది నేను నేర్చుకున్న మొదటి పాఠం. పిలవగానే పలికేశాను.

"పాడయిపోనాది," అన్నాను. ఈసారి నిజంగానే పాడైంది. "నా గొంతు కట్ సేసీనా? ఇంకో టేకు ఎల్దామా?"

ఇంద్రజ బొమ్మనీ గొంతునీ కలిపి మళ్ళీ పెట్టింది. తెరమీద పిల్ల చేతులు చాపి పిలిచింది. తరుణ్ ఆ చేతుల్ని చూసి, నోరు విప్పకుండా తల ఊపాడు. సరిగ్గా తల కిందికి దిగేచోట నా "ఊఁ" పడింది.

"ఉంచీ," అంది.

"తరుణ్ ఏటంతాడో?"

"నేను సెప్తాను వాడికి." హెడ్‌ఫోను తీసి నా మెడలో వేసింది. "కట్ సెయ్యకు బావా. ఉంచీ."

నేను మౌస్ మీంచి చెయ్యి తీసేశాను.