ఆరువందల అంకెల తాళం

డాక్టర్ మందాకిని తన కార్డును తాళంలో పెట్టింది. పక్కనే చీఫ్ ఇంజనీర్ జగన్నాయకులు తన కార్డు పెట్టాడు. గుమ్మడివాగు రిజర్వాయరు గేటు లేవలేదు. తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి: "లబ్ధం సరిపోలేదు."

మూడేళ్ల కరువు తర్వాత వచ్చిన వరద ఇది. తాళం పెట్టిన ఈ మూడేళ్లలో గేటు ఎత్తడం ఇదే మొదటిసారి. గంటలో నీరు కట్ట దాటుతుంది. దాటితే కింద ఏడు ఊళ్లు మిగలవు.

తాళం కనిపెట్టింది ఆమే. ఇనుమును కోసేవాళ్లున్నారు, పాస్‌వర్డ్ కాజేసేవాళ్లున్నారు. అందుకని ఆరువందల అంకెల సంఖ్యనే తాళం చేసింది. దాచలేదు కూడా, గేటు గది గోడ మీద అందరికీ కనబడేలా రాయించింది. ఒకటి కాకుండా ఏ రెండు సంఖ్యల్ని హెచ్చవేస్తే అది వస్తుందో చెబితే గేటు లేస్తుంది. హెచ్చవేయడం క్షణం పని. తిరిగి విడగొట్టడం మాత్రం లోకంలోని కంప్యూటర్లన్నీ కలిసినా వేల ఏళ్లకు తెమలదు. ఆ రెండూ ప్రధాన సంఖ్యలు. ఆమె కార్డులో ఒకటి, అతని కార్డులో ఒకటి.

లాప్‌టాప్‌లో రెండింటినీ మళ్లీ హెచ్చవేసి గోడ మీది సంఖ్యతో పోల్చింది. నడుమ ఒక్క అంకె తేడా. నాలుగుండాల్సిన చోట ఎనిమిది!

"ఇదెవరు మార్చారండీ?"

జగన్నాయకులు గొంతు సవరించుకున్నాడు. "నేనే మేడమ్. తాళంలోకి ఎక్కించి, గోడ మీద రాసేరోజు అంకెలన్నీ కూడించాను. చివరికి ఐదు తేలింది. నాకు ఐదు కలిసిరాదు. నా కారు నంబరు, ఫోన్ నంబరు అన్నీ తొమ్మిదే. అన్ని అంకెల్లో ఒక్కటి మారిస్తే ఏమవుతుందిలే అని..."

మందాకినికి చెంప పగలగొట్టాలన్నంత కోపం, దాని వెనకే ఏడుపు. ఒకసారి ఎక్కిన సంఖ్య ఇక మారదు. ఈ కొత్త సంఖ్యను విడగొట్టడం ఎవరి తరం?

గేట్లు చూసుకునే లస్కరు సన్యాసిరావు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "అమ్మా, అంకెలు కూడితే తొమ్మిదొచ్చిందంటే, తొమ్మిదితో భాగారం చేస్తే మిగులు లేకుండా పోద్ది గదా? ఆరో తరగతిలో మా మేస్టారు బెత్తం పట్టుకుని నేర్పీసినారు."

ఆమె లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. గోడ మీది సంఖ్యను తొమ్మిదితో భాగించింది. శేషం సున్నా. తొమ్మిదినీ, వచ్చిన భాగఫలాన్నీ తాళానికి ఇచ్చింది. గేటు మూలుగుతూ లేచింది. నీళ్లు హోరున కాలువలోకి ఉరికాయి.

ఊళ్లు బతికాయన్న సంతోషం అరనిమిషం కూడా నిలవలేదు. వేల ఏళ్లు ఆగుతుందని తను ప్రమాణం చేసి చెప్పిన తాళాన్ని, ఈ మూడేళ్లలో ఏ బడిపిల్లైనా తీసి ఉండొచ్చు! మందాకిని అక్కడే నేల మీద కూలబడింది.

జగన్నాయకులు మాత్రం కళ్లు తుడుచుకుని గేటుకు దండం పెట్టాడు. "చూశారా మేడమ్! ఆ తొమ్మిదే లేకపోతే ఇవాళ ఏమైపోయేవాళ్లం?"

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. జిల్లాలోని పదకొండు రిజర్వాయర్లకూ ఇకపై పెట్టే తాళాల అంకెలు తొమ్మిదికే తేలాలట. కింద శాస్త్రీయ సలహాదారుగా మందాకిని పేరు అచ్చయి ఉంది.